పాలినేషియన్లు ఎక్కడి వాళ్లు? మాటది ఒక దారి, రక్తానిది ఒక దారి

1769 అక్టోబరులో కెప్టెన్ కుక్ ఓడ న్యూజీలాండ్ తూర్పు తీరం చేరినప్పుడు, ఒడ్డున నిలబడ్డ మావోరీలతో (న్యూజీలాండ్ మూలవాసులతో) మాట్లాడి దుబాసీగా నిలిచినవాడు ఒకడున్నాడు. పేరు తుపాయా. తహితికి దగ్గర్లోని రాయతేయా దీవికి చెందిన పూజారి, సముద్ర మార్గాలు తెలిసినవాడు. సొంత దీవికి దాదాపు నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో, జీవితంలో ఎప్పుడూ చూడని మనుషులకు అతని మాట అర్థమైంది. హైదరాబాద్ నుంచి బీజింగ్ ఇంచుమించు అంత దూరం ఉంటుంది. మనం అంత దూరం తెలుగు మాట్లాడుకుంటూ పోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పసిఫిక్ మహాసముద్రంలో హవాయి, న్యూజీలాండ్, రాపా నుయి (మనం పుస్తకాల్లో చదువుకున్న ఈస్టర్ దీవి) మూడూ మూడు కొనలుగా గీత గీస్తే, సుమారు ఏడేసి వేల కిలోమీటర్ల భుజాలున్న త్రిభుజం వస్తుంది. అదే పాలినేషియా. అందులో దాదాపు అన్ని దీవుల వాళ్లవీ దగ్గరి చుట్టరికం ఉన్న భాషలే. వీళ్లు ఎక్కడి నుంచి వచ్చారన్న ప్రశ్న రెండు వందల యాభై ఏళ్లుగా నడుస్తోంది. ఇన్నాళ్లు తేలకపోవడానికి సముద్రం ఒక్కటే కారణం కాదు. ఆ ప్రశ్నలో వేరువేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. భాష ఎక్కడిది, కుండలూ పంటలూ ఎక్కడివి, రక్తం ఎక్కడిది, ఏ దీవికి ఎప్పుడు చేరారు. ఒకదానికి దొరికిన జవాబును ఇంకోదానికి అతికించిన ప్రతిసారీ పరిశోధన పక్కదారి పట్టింది.

ఇది బాగా తెలియాలంటే తే రంగి హిరోవాను తలచుకోవాలి.

తల కొలిచిన డాక్టరు

ఇంగ్లిషు పేరు పీటర్ బక్. న్యూజీలాండ్‌లోని తారానాకి ప్రాంతంలో మావోరి తల్లికి, ఐరిష్ తండ్రికి పుట్టినవాడు. వైద్యం చదివి డాక్టరయ్యాడు, 1909 నుంచి 1914 దాకా పార్లమెంటు సభ్యుడు, ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో మావోరి దళంతో ఉన్నాడు. 1919లో సైనికులు ఓడలో ఇంటికి తిరిగొస్తుంటే, ఖాళీగా ఉండటమెందుకని వాళ్ల తలల పొడవు, వెడల్పు, ముక్కు, ఎత్తు కొలిచాడు. ఆయన మానవశాస్త్ర ప్రస్థానానికి ఆ కొలతలు పెద్ద మలుపు. 1927లో హోనలులులోని బిషప్ మ్యూజియంలో చేరి, 1936 నుంచి 1951లో చనిపోయేదాకా దానికి డైరెక్టరుగా ఉన్నాడు.

ఆయన సిద్ధాంతం ఇది: పాలినేషియన్లు ఆసియా వైపు నుంచి, న్యూగినీకి ఉత్తరాన ఉన్న మైక్రోనేషియా చిన్న దీవుల మీదుగా వచ్చారు, మెలనేషియా (న్యూగినీ, సోలమన్ దీవులు, వనువాటు) మీదుగా కాదు. ఇక్కడ ఆయనకు వెంటనే ఒక చిక్కు ఎదురైంది. మైక్రోనేషియాలో ఎక్కువ భాగం పగడపు దిబ్బలే. ఉప్పు నేల, మట్టి పలచన. చామదుంప, అరటి, బ్రెడ్‌ఫ్రూట్ లాంటి పంటలన్నీ ఆ దిబ్బల మీదుగా దీవి నుంచి దీవికి చేరడం కష్టం. అందుకని మనుషులు ఉత్తరపు దారిలో, పంటలు మెలనేషియా మీదుగా ఫిజీ దాకా విడిగా వచ్చాయని సర్దిచెప్పాడు.

ఒక సిద్ధాంతం నిలవడానికి మనుషుల్నీ వాళ్ల తిండినీ వేరువేరు పడవలెక్కించాల్సి వస్తే, ఆ సిద్ధాంతాన్నే అనుమానించాలి. ఆయన అనుమానించలేదు. ఆనాటి జాతుల నిచ్చెన మీద మెలనేషియన్లను కింది మెట్టు మీద, పాలినేషియన్లను యూరపు వాళ్లకు దగ్గరగా పెట్టేవారు. తన జనం కింది మెట్టు మీదుగా వచ్చారని ఒప్పుకోవడం ఆయనకు కష్టమై ఉంటుంది. విచిత్రమేమిటంటే, అదే నిచ్చెన ఆయనకూ అడ్డం తిరిగింది. అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు చేస్తే, సగానికి మించి తెల్లజాతి రక్తం ఉండాలన్న నిబంధన చూపించి కాదన్నారు.

ఆ తల కొలతలు ఈరోజు ఎవరికీ పెద్దగా అక్కరకు రావు. కానీ అదే మనిషి సమోవాలో ఇంటి దూలాలకు కొబ్బరి పీచు తాడు ఎన్ని చుట్లు, ఏ వరసలో కడతారో, పడవ పలకల్ని ఎలా కుట్టి బిగిస్తారో బొమ్మలతో సహా రాసిపెట్టాడు. అవి ఈనాటికీ పనికొస్తున్నాయి.

మాటలు చెప్పేది

సమోవాలో ఇల్లు ఫలె, తహితిలో ఫరె, న్యూజీలాండ్‌లో ఫరె లాంటి ఉచ్చారణతోనే ఉన్న మాట, హవాయిలో హలె. మనిషి మావోరిలో తంగత, హవాయిలో కనక. పడవ టోంగాలో వక, హవాయిలో వఅ. ఇవి ఊరికే దగ్గరగా వినిపించే మాటలు కావు. హవాయి భాషలో పాత 'త' ప్రతిచోటా 'క' అయింది, 'ంగ' 'న' అయింది, పాత 'క' గొంతులో ఒక చిన్న ఆపుగా మిగిలింది. మన పాలు కన్నడంలో హాలు, పులి హులి, పూవు హూవు అయినట్టే. ఒక్క మాట కలిస్తే కాకతాళీయం అనుకోవచ్చు, వందల మాటల్లో ఒకే నియమం నడిస్తే చుట్టరికం.

ఈ నియమాన్ని పక్కనపెట్టి చెవికి ఇంపైనదల్లా కలుపుకుంటూ పోతే ఏమవుతుందో 1885లో ఎడ్వర్డ్ ట్రెగియర్ చూపించాడు. మావోరీలు ఆర్యులేనని, వాళ్ల మాటల్లో సంస్కృతపు ఆవు జ్ఞాపకాలున్నాయని పుస్తకమే రాశాడు. యూరపు వాళ్లు వచ్చేదాకా ఆ దీవుల్లో ఆవన్నదే లేదు. పెర్సీ స్మిత్ అనే మరో పండితుడు కూడా పాలినేషియన్ల పుట్టిల్లు భారతదేశమే అన్నాడు. మనవాళ్లు ఇలాంటివి వాట్సాప్‌లో ఉత్సాహంగా పంచుకుంటారు కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. 1836 ప్రాంతంలో న్యూజీలాండ్‌లో విలియం కొలెన్సో అనే మిషనరీకి తమిళ అక్షరాలున్న పగిలిన కంచు గంట ఒకటి కనబడింది, మావోరి ఆడవాళ్లు అందులో వంట చేసుకుంటున్నారు. దాని మీద ఉన్నది 'మొహిదీన్ బక్ష్ ఓడ గంట' అని. అది అక్కడికి ఎలా చేరిందో తేలలేదు. ఓడ సామాను ఒకటి కొట్టుకొచ్చిందనడానికి అది సాక్ష్యం, వలసకు కాదు.

నియమబద్ధంగా వెళితే దారి తూర్పుకు కాక పడమరకు తెరుచుకుంటుంది. అయిదుకు సమోవాలో లిమ, మలయాలో లిమ, తైవాన్ ఆదివాసుల పైవాన్ భాషలోనూ లిమ. కన్ను సమోవాలో, మలయాలో మత. తెరచాప మలయాలో లాయర్, సమోవాలో లా, మావోరిలో రా. ఈ పెద్ద కుటుంబం పేరు ఆస్ట్రొనేషియన్. భాషాశాస్త్రవేత్త రాబర్ట్ బ్లస్ట్ లెక్కలో దాని ప్రధాన శాఖలు పది, అందులో తొమ్మిది ఒక్క తైవాన్‌లోనే ఉన్నాయి. మిగతా లోకమంతా, అంటే మడగాస్కర్ నుంచి రాపా నుయి దాకా, పదో శాఖ. శాఖలు ఎక్కడ ఎక్కువగా చీలి ఉంటే అక్కడే అవి ఎక్కువ కాలం ఉన్నట్టు. కాబట్టి భాషకు పుట్టిల్లు తైవాన్. ఆ తీర్పు భాష వరకే, మాట్లాడేవాళ్ల సంగతి ఇంకా తేలలేదు.

పెంకు మీద పంటి గాట్లు

1952లో ఎడ్వర్డ్ గిఫర్డ్, రిచర్డ్ షట్లర్ న్యూ కలెడోనియాలో లపితా అనే చోట తవ్వారు. పళ్లున్న చిన్న అచ్చుతో పచ్చి మట్టి మీద గుచ్చి వేసిన నగిషీ పెంకులు దొరికాయి. గిఫర్డ్ వాటిని చూడగానే గుర్తుపట్టాడు. దాదాపు ముప్ఫై ఏళ్ల కిందట, 1920-21లో తాను టోంగాలో ఉన్నప్పుడు తోటివాడు మెకర్న్ ఏరిన పెంకుల మీదా ఇవే గాట్లు. మెలనేషియాలో ఒక దీవి, పాలినేషియాలో ఒక దీవి, ఒకే కుండ. తే రంగి హిరోవా వద్దన్న దారి అదే.

ఈ లపితా పెంకులు న్యూగినీకి ఈశాన్యంగా ఉన్న బిస్మార్క్ దీవుల్లో సుమారు 3,300 ఏళ్ల కిందట కనబడి, కొద్ది వందల ఏళ్లలో వనువాటు, ఫిజీ, టోంగా, సమోవా చేరాయి. టోంగాలో మొదటి ఊరి వయసు ఎంత కచ్చితంగా తెలుసో చూడండి. నుకులేకా అనే చోట పగడపు ముక్కతో చేసిన ఆకురాయి దొరికింది. పగడంలోని యురేనియం ఎంత మేర థోరియంగా మారిందో కొలిస్తే 2,838 ఏళ్లు అని తేలింది, అటూ ఇటూ ఎనిమిదేళ్లు. పగడం బతికి ఉండగా నీటిలోని యురేనియాన్ని తీసుకుంటుంది, థోరియాన్ని దాదాపు తీసుకోదు. అందుకే గడియారం సున్నా నుంచి మొదలవుతుంది.

బొగ్గుతో తేదీ కట్టడం అంత సులువు కాదు. 1950లో కెన్నెత్ ఎమరీ హవాయిలోని కులియోఉఓ గుహలో తీసిన బొగ్గుకు క్రీ.శ. 1004 అని వచ్చింది, అటూ ఇటూ 180 ఏళ్లు. పాలినేషియాలో మొదటి కార్బన్ తేదీ అదే. ఆ తర్వాతి తవ్వకాల్లో తేదీలు వెనక్కి వెనక్కి జరిగి, హవాయిలో మనుషులు క్రీ.శ. 300-500 నాటికే ఉన్నారని పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. లోపం పొయ్యిలో ఉంది. కార్బన్ చెప్పేది చెక్కలో ఆ వలయం పెరిగిన కాలాన్ని, కాల్చిన రోజును కాదు. మూడు వందల ఏళ్ల చెట్టు మానును, లేదా ఎప్పుడో సముద్రం ఒడ్డుకు తోసిన దుంగను పొయ్యిలో పెడితే, వంట మూడు వందల ఏళ్ల ముందు జరిగినట్టు లెక్క వస్తుంది. గవ్వలతోనూ ఇదే తంటా. సముద్రపు నీటిలోని కార్బన్ పాతది, దాదాపు నాలుగు వందల ఏళ్లు తీసేయాలి, ఆ తీసివేత ప్రాంతాన్ని బట్టి మారుతుంది. అందుకే ఇప్పుడు సన్న పుల్లలు, ఆకులు, కొబ్బరి చిప్ప, గింజలు, పక్షి గుడ్ల పెంకులు, అంటే ఏడాది రెండేళ్లకు మించి బతకనివి మాత్రమే ఏరుతారు.

2011లో జానెట్ విల్మ్‌షర్స్ట్ బృందం తూర్పు పాలినేషియా నుంచి వచ్చిన 1,434 తేదీలను ఈ జల్లెడ పట్టింది. నమ్మదగినవాటితో చూస్తే తహితి ఉన్న సొసైటీ దీవులకు మనుషులు చేరింది క్రీ.శ. 1025-1120 మధ్య. హవాయి, న్యూజీలాండ్, రాపా నుయి లాంటి దూరపు దీవులు 1190-1290 మధ్య ఒక్క ఉదుటున నిండాయి. న్యూజీలాండ్‌లో ఎలుకలు కొరికిన గింజలు కూడా ఇదే కాలం చెప్పాయి. ఎలుక ఈదుకుంటూ రాదు కదా, పడవలోనే వచ్చి ఉండాలి.

అంటే టోంగా, సమోవా చేరాక దాదాపు రెండు వేల ఏళ్లు ఆగి, తర్వాత రెండు మూడు వందల ఏళ్లలో మిగతా మహాసముద్రమంతా చుట్టేశారు. ఎందుకు ఆగారు? వాణిజ్య పవనాలు తూర్పు నుంచి పడమరకు వీస్తాయి, ఎదురుగాలిలో పోవాలి. రెండు పడవలను జోడించి పెద్ద తెరచాప కట్టే నేర్పు ఈ మధ్యకాలంలో పెరిగిందని కొందరంటారు. కరవు తరిమిందని ఇంకొందరు. కుక్ దీవుల్లోని అతియు దీవిలో చెరువు అడుగు బురదను గొట్టంతో తీసి చూస్తే, సుమారు క్రీ.శ. 900 పొరలో మనుషుల, పందుల మలంలోని కొవ్వు ఆనవాళ్లు కనబడ్డాయి. అది ఎండలు ముదిరిన కాలం. నాకైతే కరవు వాదం కొంత బలంగానే కనబడుతుంది, కానీ ఒక్క చెరువు బురద మీద సముద్రమంత కథ కట్టలేం.

వనువాటు నేర్పిన పాఠం

వేడి, తేమ ఉన్న నేలలో ఎముకల్లోని డీఎన్ఏ త్వరగా పాడవుతుంది. చాలాకాలం పసిఫిక్ దీవుల్లో పాత డీఎన్ఏ దొరకదనే అనుకున్నారు. లోపలి చెవిని చుట్టి ఉండే ఎముక శరీరంలో అన్నిటికంటే గట్టిది, అందులో డీఎన్ఏ బాగా మిగులుతుందని తెలిశాక పరిస్థితి మారింది. 2016లో వనువాటులోని తెఔమా లపితా శ్మశానం నుంచి ముగ్గురిది, టోంగా నుంచి ఒకరిది చదివారు. నలుగురిలోనూ న్యూగినీ వైపు రక్తం దాదాపు లేదు. తైవాన్ ఆదివాసులకు, ఉత్తర ఫిలిప్పీన్స్ వాళ్లకు దగ్గర.

మొదటి లపితా జనం న్యూగినీ పక్కనుంచే వచ్చి, అక్కడివాళ్లతో పెద్దగా కలవకుండానే ముందుకు సాగారన్నమాట. మరి ఇప్పటి పాలినేషియన్లలో సుమారు నాలుగో వంతు ఉన్న పాపువన్ (న్యూగినీ వైపు) రక్తం తర్వాత వచ్చింది. ఎలా వచ్చిందన్నదీ జన్యువుల్లో కొంత కనబడుతుంది. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా చూస్తే దాదాపు 94 శాతం ఆసియా వైపుది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ చూస్తే మూడింట రెండు వంతులు మెలనేషియాది. బయటి నుంచి వచ్చి కలిసినవాళ్లు ఎక్కువగా మగవాళ్లు, ఆ ఊళ్లు ఆడవాళ్ల వైపు నుంచి సాగాయి.

వనువాటులో ఇంకో అడుగు ముందుకు పోయింది. సుమారు 2,500 ఏళ్ల కిందట బిస్మార్క్ దీవుల వైపు నుంచి పాపువన్ జనం వచ్చి స్థిరపడ్డారు. ఈరోజు అక్కడి జనం వంశంలో అత్యధిక భాగం వాళ్లదే. కానీ వనువాటులోని వందకు పైగా స్థానిక భాషలన్నీ ఆస్ట్రొనేషియన్ భాషలే. రక్తం దాదాపు మారిపోయింది, మాట మారలేదు. వచ్చినవాళ్లు ఇక్కడి భాష నేర్చుకున్నారు, లేదా అలాంటి భాషే మాట్లాడుతూ వచ్చారు. ఒక భాషాకుటుంబం పేరునే ఒక జాతి పేరుగా వాడేసే అలవాటు మన దేశంలోనూ తక్కువేం లేదు. అలా వాడే ముందు ఒకసారి వనువాటు వైపు చూడటం మంచిది.

న్యాయంగా ఒక మాట. తెఔమా పుర్రెలను ఆధునిక పద్ధతిలో కొలిచినప్పుడు కూడా అవి పాలినేషియన్ల, ఆసియా వాళ్ల పుర్రెలకే దగ్గరగా వచ్చాయి. కొలవడం అనే పని తప్పు కాదు. కొలతను నిచ్చెన మీద మెట్టుగా మార్చడం దగ్గర తే రంగి హిరోవా తరం తప్పటడుగు వేసింది.

దుంప, తెప్ప, అమెరికా

చిలగడదుంప (మనలో కొందరికి గెనుసుగడ్డ, ఇంకొందరికి కందగడ్డ) అమెరికా ఖండపు పంట. కుక్ వచ్చేనాటికే మావోరి పొలాల్లో ఉంది. దాని పేరు కూమర, ఆండీస్ కొండల క్వెచువా భాషలోనూ దానికి అలాంటి పేరే ఉంది. దీన్ని పట్టుకునే నార్వే సాహసి థోర్ హెయర్డాల్ పాలినేషియాకు జనం దక్షిణ అమెరికా నుంచి వచ్చారన్నాడు. 1947లో బాల్సా దుంగల తెప్ప మీద అయిదుగురితో పెరూ నుంచి బయల్దేరి 101 రోజులకు పాలినేషియాలోని తువమోతు దీవుల రీఫ్‌కు కొట్టుకున్నాడు. సాహసమే, కాదనలేం. కానీ తీరం వెంబడి లాగే ప్రవాహం దాటించడానికి ఆ తెప్పను నౌకాదళపు టగ్ పడవ సుమారు 80 కిలోమీటర్లు లాక్కెళ్లింది. ఒకటి జరగవచ్చని చూపడం వేరు, జరిగిందని చూపడం వేరు.

అసలు ఈ దీవులకు గాలివాటంగా కొట్టుకొచ్చి చేరి ఉంటారా? 1973లో లక్షకు పైగా ఊహా పడవలను నిజమైన గాలుల, ప్రవాహాల లెక్కలతో కంప్యూటర్లో వదిలి చూశారు. హవాయికి, న్యూజీలాండ్‌కు, రాపా నుయికి కొట్టుకుపోయి చేరడం దాదాపు అసాధ్యమని తేలింది. 1976లో హోకులేఆ అనే జంట పడవ ఏ పరికరమూ లేకుండా హవాయి నుంచి తహితి చేరింది. దారి చూపింది మైక్రోనేషియాలోని సతవల్ దీవి నావికుడు మావ్ పియైలుగ్. ఆ యాత్ర వెనక ఉన్నవాళ్లలో మానవశాస్త్రవేత్త బెన్ ఫిన్నీ ఒకరు.

అయితే హెయర్డాల్ చెప్పినదాంట్లో ఒక చిటికెడు నిజం ఉంది. 2020లో 17 దీవుల వాళ్లతో, పసిఫిక్ తీరపు అమెరికా ఆదివాసులతో కలిపి 807 మంది జన్యువులు పోల్చారు. తూర్పు పాలినేషియాలోని మార్కెసస్ దీవుల్లో క్రీ.శ. 1150 ప్రాంతంలో, నేటి కొలంబియా ఆదివాసులకు దగ్గరగా ఉండే రక్తం ఒకసారి కలిసినట్టు తేలింది. పడవ ఎటు నుంచి ఎటు పోయిందో జన్యువులు చెప్పవు. అంత దూరం పోయి రాగల పడవలు ఎవరి దగ్గర ఉన్నాయో చూస్తే మాత్రం పాలినేషియన్లే వెళ్లి వచ్చారనిపిస్తుంది. ఇక దుంప విషయం ఇంకా తెగలేదు. కుక్ ప్రయాణంలో ఎండబెట్టిన మొక్క అమెరికా రకాల నుంచి లక్ష ఏళ్లకు పైగా ముందే విడిపోయిందని 2018లో ఒక బృందం అంది. అదే నిజమైతే దుంప తనంతట తానే నీళ్ల మీద వచ్చింది.

తరం అంటే ఎన్నేళ్లు

ఈ 1150 ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. ఇద్దరు వేరువేరు జనాలు కలిసిన మొదటి తరంలో క్రోమోజోమ్‌లు నిలువునా ఒక్కో వైపువి. తరతరానికి అవి తెగి అతుక్కుంటాయి, ముక్కలు చిన్నవవుతాయి. ఉజ్జాయింపుగా వందను తరాల సంఖ్యతో భాగిస్తే ముక్క సగటు పొడవు సెంటీమోర్గన్లలో (డీఎన్ఏ ముక్కల్ని కొలిచే ప్రమాణం) వస్తుంది. 3.5 పొడవు ముక్కలుంటే 28 తరాలు. తరానికి 30 ఏళ్లనుకుంటే 840 ఏళ్లు, 25 అనుకుంటే 700. ఒక్క అంచనా మారితే 140 ఏళ్లు జారిపోయాయి.

వందేళ్ల కిందట పెర్సీ స్మిత్ చేసిందీ ఇదే లెక్క. మావోరీలు వంశావళిని ఫకపాప అంటారు, పదుల తరాల పేర్లు నోటికి చెబుతారు. ఆయన వాటి సగటు తీసి, తరానికి 25 ఏళ్లు వేసి, 1350లో పెద్ద పడవల దండు న్యూజీలాండ్ చేరిందని నిర్ణయించాడు. బళ్లలో దశాబ్దాలపాటు అదే చెప్పారు. వంశావళుల్లో అన్నదమ్ములు వరస తరాలుగా మారొచ్చు, ముఖ్యంకాని పేర్లు రాలిపోవచ్చు. వేరువేరు తెగల కథలను కలిపి ఒకే ఏడాదికి కుట్టడం ఆయన సొంత పని. అయినా ఇప్పటి కార్బన్ తేదీకి ఆ 1350 మరీ దూరమేమీ కాదు. పేర్లు నోటితో మోసుకొచ్చినవాళ్లు బాగానే మోశారు.

ఇంట్లో కూర్చుని డీఎన్ఏ కిట్ తెప్పించుకునే పాలినేషియన్లకు ఇంకో చిక్కు ఉంది. ప్రతి దీవినీ నింపింది కొద్దిమందే, అక్కడి నుంచి మరో దీవికి ఇంకా కొద్దిమంది. అందరూ అవే ముక్కల్ని పంచుకుంటారు. కిట్ కంపెనీ 'మొత్తం 200 సెంటీమోర్గన్లు కలిశాయి, మీ తాతలు అన్నదమ్ములు' అంటుంది, నిజానికి ఆ బంధువు ఎన్నో తరాల అవతల ఉంటాడు. మొత్తాన్ని కాక అన్నిటికంటే పొడవైన ముక్కను చూడాలి. చిన్నచిన్నవి ఎన్నో కలిసి 200 అయి, పెద్దది పది పదిహేను దాటకపోతే అది దూరపు చుట్టరికం. మేనరికాలు తరతరాలుగా నడిచిన తెలుగు కుటుంబాలకూ ఈ జాగ్రత్త పనికొస్తుంది.

2024లో రాపా నుయి గురించి వచ్చిన పరిశోధన ఈ పద్ధతులన్నిటినీ కలిపి వాడింది. పారిస్‌లోని మ్యూజియంలో 1877, 1935 నుంచి ఉన్న పదిహేను మంది అవశేషాల జన్యువులు చదివారు. చెట్లన్నీ నరుక్కుని 1600లలో జనం కుప్పకూలారన్న కథ అందరికీ తెలిసిందే. జన్యువుల్లో అలాంటి పతనం జాడ లేదు, జనసంఖ్య 1860ల దాకా పెరుగుతూనే వచ్చింది. ఆ దశాబ్దంలో పెరూ నుంచి వచ్చిన బానిసల వేట, వెనకే వచ్చిన మశూచి దీవిని ఖాళీ చేశాయి. అమెరికా ఆదివాసుల రక్తం పదో వంతు, కలిసిన కాలం 1250-1430. పరిశోధకులు దీవికి వెళ్లి అక్కడి వాళ్లతో మాట్లాడారు. ఆ పదిహేను మంది తమ వాళ్లేనని ఇప్పుడు రుజువైంది కాబట్టి వాళ్లను తిరిగి తెచ్చుకునే విషయం కూడా ఆ మాటల్లో వచ్చింది.